రాహుకాలంలో పంపిన చుక్క

వాసవాంబ మాటకు ఎదురు చెప్పేవాడు లాల్‌దర్వాజాలో పుట్టలేదని కాదు. పుట్టాడు, ఒకసారి చెప్పి చూశాడు, ఆ తర్వాత మానుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు మొరాయిస్తాయి గానీ నోరు మాత్రం ఇంకా పరుగులు తీస్తుంది. మహంకాళి గుడికి పోయే సందు మొదట్లో వాళ్ల పూజా సామాన్ల దుకాణం ఉంది. పొద్దున్నే వచ్చి గల్లా దగ్గర కూర్చుందంటే మళ్లీ దీపాలు పెట్టేవేళకే లేవడం. కొడుకు విశ్వేశ్వర్ సరుకు తెస్తాడు, దించుతాడు, తూకం వేస్తాడు. ఆ సరుకు మంచిదా కాదా అని తేల్చేది మాత్రం ఆమే.

ఆ గురువారం సాయంత్రం కొత్తగా వచ్చిన కుంకుమ డబ్బా ముందు పెట్టుకుని, చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురులోకి చెయ్యి చాపి చూస్తోంది. అప్పుడే మనవరాలు ఆశ్రిత స్కూటీ ఆపి లోపలికి వచ్చింది. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. హెల్మెట్ తీసి మేకుకు తగిలించి, నానమ్మతో కాకుండా తండ్రితో చెప్పింది, అదీ గొంతు తగ్గించి.

"ఆ చుక్కకు నంబర్ వచ్చింది డాడీ."

ఏ చుక్క అని అడిగాడు విశ్వేశ్వర్. ఆయన మరిచిపోయాడు గానీ వాసవాంబ మరిచిపోలేదు. వేళ్ల మధ్యనున్న కుంకుమ డబ్బాలోకి రాల్చేసి, "ఆ జహనుమా పిల్ల ఎత్తుకపోయిన చుక్కనేనా?" అంది.

సందులో అందరికీ తెలిసిన కథే అది. ఆరేళ్ల కిందట ఆశ్రిత డిగ్రీ మొదటి ఏడు చదువుతుండగా వాళ్ల కాలేజీ ఒక పనిలో చేరింది. ఎక్కడో విదేశంలో పెద్ద దుర్భిణి ఆకాశంలో ఒకే చోటును కొద్ది కొద్ది నిమిషాల తేడాతో నాలుగు ఫొటోలు తీస్తుంది. ఆ నాలుగింటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి వేసి ఆడిస్తే నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా ఒక చుక్క జరిగిందంటే అది నక్షత్రం కాదు, సూర్యుడి చుట్టూ తిరిగే రాయి. ఆ ఫొటోలే చాలా జట్లకు పోతాయి. ఎవరు ముందు పట్టి పంపితే కనిపెట్టిన పేరు వాళ్లది.

ఆశ్రితకు ఒక చుక్క కనబడింది, ఇదే దుకాణం మీద గదిలో. అది మంగళవారం మధ్యాహ్నం, రాహుకాలం నడుస్తోంది. మంచి ఇంటి పిల్ల గనక రాహుకాలం వెళ్లేదాకా ఆగింది. పక్కనే కూర్చున్న స్నేహితురాలు స్వీటీ మాత్రం ఆగలేదు. వేరే జట్టు పిల్ల, తన జట్టు పేరున టక్కున పంపేసింది. చుక్క ఆమెది అయిపోయింది. ఆశ్రిత ఏడుస్తూ ఈ సంగతి చెప్పిన నాడు, వాసవాంబ దుకాణం ముందు నిలబడి బజారంతా వినేట్టు ఆ పిల్లను దొంగ అంది. మళ్లీ మా గడప తొక్కొద్దంది. స్వీటీ తొక్కలేదు.

"ఇన్నేండ్లకు నంబరేంది?" అంది వాసవాంబ.

ఆశ్రిత కౌంటర్ మీది దూదివత్తుల కట్ట విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే చెప్పింది. అది కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే రాళ్లలో ఒకటట. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి నాలుగేళ్లు దాటుతుందట. అది ఏ దారిన పోతుందో, మళ్లీ ఎప్పుడు ఎక్కడ కనబడుతుందో ఏళ్ల తరబడి చూస్తే గానీ ఖాయం కాదట. ఇప్పుడు దారి ఖాయమైంది. లెక్కలోకి ఎక్కించి నంబర్ ఇచ్చారు. ఇక కనిపెట్టినవాళ్లు దానికి ఒక పేరు పెట్టమని అడగవచ్చు.

కుజుడూ గురుడూ వాసవాంబకు కొత్తవాళ్లేం కాదు. ఇద్దరికీ గుడిలో రోజూ ప్రదక్షిణ చేస్తుంది. ఇద్దరు పెద్దవాళ్ల నడుమ చోటు, మంచి జాగానే అనుకుంది. విశ్వేశ్వర్‌కు హుషారు వచ్చింది. దుకాణం పేరు పెట్టించవచ్చా అని అడిగాడు. దుకాణాల పేర్లు పనికిరావంది ఆశ్రిత. ఒకటే మాటగా ఉండాలి, మనుషుల పేర్లయితే పరవాలేదు, కానీ కనిపెట్టినవాళ్లు తమ పేరు తాము పెట్టుకోకూడదు.

ఆ చివరి మాట దగ్గర వాసవాంబ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అంటే ఆ స్వీటీ తన పేరు పెట్టుకోరాదు."

"పెట్టుకోరాదు."

"అయితే ఇంకొకరి పేరు పెట్టాలె. ముందుగాల చూసింది నువ్వు. ఇంక ఎవల పేరు పెడ్తది?"

"నానమ్మా, ఆ సంగతి వదిలెయ్" అంది ఆశ్రిత. వత్తుల కట్ట సగంలో వదిలేసి మేడ మీదికి వెళ్లిపోయింది. పిల్లకు మొగమాటం అనుకుంది వాసవాంబ. మొగమాటం ఉన్నవాళ్ల తరఫున మాట్లాడడానికే దేవుడు తనలాంటి వాళ్లను పుట్టించాడని ఆమె నమ్మకం.

మర్నాడు శుక్రవారం. రాహుకాలం వెళ్లిన తర్వాత బయలుదేరింది. సందు మొదట్లో నిలబడే అంజన్న ఆటో ఎక్కి, ఒడిలో బాదుషాల డబ్బా పెట్టుకుంది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ పోయింది. బేరం ఆమెకు కొత్త కాదు. ముందు క్షేమం అడగాలి, తర్వాత పిల్లను మెచ్చుకోవాలి, పాత సంగతి తీసి తీయనట్టు తీయాలి, అవతలివాళ్లు తల వంచాక అసలు మాట చెప్పాలి. శుక్రవారం నమాజుకు పోయే జనంతో రోడ్డు మెల్లగా కదులుతోంది. ఫలక్‌నుమా దాటి జహనుమా సందులోకి వచ్చేసరికి ఆమె మనసులో బేరం కుదిరిపోయింది కూడా.

రెండు గదుల ఇల్లు. వాకిట్లో స్వీటీ తల్లి ఆగమ్మ బట్టలు పిండుతోంది. సర్కారు దవాఖానాలో ఆయా, పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చినట్టుంది, ఇంకా ఆ చీరమీదే ఉంది. వాసవాంబను చూసి చేతులు తుడుచుకుంటూ లేచింది. "సేటమ్మ వచ్చింది బిడ్డా" అని లోపలికి కేక వేసింది. ఆ కేకలో సంతోషమూ లేదు, కోపమూ లేదు. వచ్చింది గనక చెప్పింది.

స్వీటీ కుర్చీ తెచ్చి చున్నీ కొసతో తుడిచి వేసింది. రక్తపరీక్షల ల్యాబులో పని ఆ పిల్లకు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి రోజంతా గాజుపలకల మీద కణాలు చూస్తుంది. శుక్రవారం సెలవు. ఆరేళ్లలో కాస్త చిక్కింది, కళ్లజోడు వచ్చింది. చూపు మాత్రం అదే, సూటిగా మనిషి మొహంలోకి చూసే చూపు. ఆగమ్మ చాయ్ పెట్టి తెచ్చింది. ఇప్పుడే తాగి వచ్చానంటూ వాసవాంబ కప్పు తీసి పక్కన స్టూలు మీద పెట్టింది. బయటివాళ్ల ఇంట్లో ఆమె తాగదు. అది వాళ్లకు తెలుసు, వాళ్లకు తెలుసునని ఆమెకూ తెలుసు.

క్షేమం అడగడం అయింది. మెచ్చుకోవడం అయింది. పాత సంగతి తీసి తీయనట్టు తీద్దామనుకుంది గానీ ఆ చూపు ముందు అంత సన్నపు పని సాగలేదు. నేరుగా చెప్పేసింది.

"అయిందేదో అయింది బిడ్డా. నీ పేరు నువ్వు పెట్టుకోరాదంట గద. మా ఆశ్రిత పేరు పెట్టు. ముందుగాల చూసింది అది. నీకూ ఎరుకే, నాకూ ఎరుకే."

"పెడ్దామనే ఉన్న నానమ్మా" అంది స్వీటీ.

వాసవాంబ కంగుతింది. నలభై ఏళ్ల వ్యాపారంలో మొదటి మాటకే ఒప్పుకున్నవాణ్ణి ఆమె ఎప్పుడూ నమ్మలేదు. సరుకులో ఏదో లోపం ఉంటే తప్ప ఎవరూ అలా ఇచ్చెయ్యరు. మరి ఆలస్యం దేనికని అడిగింది.

పేరు ఒక్కటే పంపితే తీసుకోరని చెప్పింది స్వీటీ. ఆ పేరు ఎవరిది, ఎందుకు పెడుతున్నాం అని రెండు మాటలు రాయాలి. అవి పేరుతోపాటు ఎప్పటికీ ఉండిపోతాయి, ఎవరైనా చదువుకోవచ్చు. నంబర్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి ఆ రెండు మాటల దగ్గరే తను ఆగిపోయిందట.

"దీన్ని ముందుగాల చూసింది అని రాయి."

"రాస్తే, చూసినామె ఎందుకు పంపలే అంటరు."

"రాహుకాలం ఉండె అని రాయి. అండ్ల దాచేది ఏమున్నది?"

స్వీటీ తల్లి వైపు చూసింది. ఆగమ్మ చేతిలోని తడిబట్ట దులిపి తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, అప్పుడు అంది. "చెప్పు బిడ్డా. ఆరేండ్ల సంది కడుపుల పెట్టుకున్నవ్. ఇంటిదాక వచ్చి అడుగుతున్నది గద."

స్వీటీ చెప్పింది. పెద్దగా ఏం చెప్పలేదు, ఎవరినీ అనలేదు, ఆ రోజు ఎలా జరిగిందో అలా చెప్పింది. చుక్క కనబడగానే ఆశ్రిత తన భుజం పట్టి లాగిందట. తను చూసిందట. నాలుగు ఫొటోల్లోనూ చీమ నడిచినట్టు తిన్నగా నడుస్తోందట. పంపు అని తనే అందట. ఆశ్రిత పంపలేదు. కెమెరాలో దుమ్ము కావచ్చు అంది. అంతకుముందు ఆశ్రిత పంపినది ఒకటి తప్పని తిరిగొస్తే క్లాసులో సార్ అందరి ముందూ నవ్వాడు, ఇదీ తప్పయితే ఇక మొహం చూపించలేనంది. స్వీటీ ఎంత చెప్పినా వినలేదు. చివరికి గడియారం చూసి రాహుకాలం అంది.

"రాహుకాలం అయిపోయినంక పంపుదువు తియ్ అన్న. అప్పుడు అసలు మాట చెప్పింది. నాకు నమ్మకం లేదే, నీకుంటే నువ్వే పంపుకో, తప్పయితే నీ పేరే పోతది అన్నది. నాకు నమ్మకం ఉండె నానమ్మా. పంపిన."

తీగ మీది బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. వాసవాంబ కాసేపు ఆ నీళ్లనే చూసింది. ఆ మాట అబద్ధమని అనబోయింది. వత్తుల కట్ట విప్పి కట్టిన ఆశ్రిత వేళ్లు గుర్తుకొచ్చాయి. ఆరేళ్లు తన ఇంట్లో ఉన్న అబద్ధాన్ని తను ఒక్కసారి కూడా వేళ్ల మధ్య నలిపి చూడలేదు.

"అప్పుడే ఎందుకు చెప్పలే?" అంది. 

"ఎవలకు చెప్పాలె? మీరు దుకాణం ముందట నిలబడి దొంగ అన్నరు. లోపలికి రానిస్తే గద చెప్పేది." కాస్త ఆగి, "అది నా దోస్తు. అదే చెప్తదేమో అని చూసిన" అంది స్వీటీ.

వాసవాంబ స్టూలు మీది కప్పు తీసుకుంది. చాయ్ చల్లారి మీద మీగడ కట్టింది. మొత్తం తాగి కప్పు కింద పెట్టింది. ఆశ్రిత పేరు పెట్టడానికి స్వీటీ ఇప్పటికీ సిద్ధమేనా అని ఆమె అడగలేదు. ఆ పిల్లే గుమ్మందాకా వచ్చి, "ఆ రెండు ముక్కలు ఏం రాయాలెనో దాన్నే అడుగు నానమ్మా. అది ఏం చెప్తే గదే రాస్త" అంది.

కోరి వచ్చింది దొరికింది. అడిగిందే తడవుగా ఇచ్చారు. అయినా తిరుగుదారిలో ఆటోలో కూర్చున్న వాసవాంబకు ఉత్త చేతులతో వస్తున్నట్టు ఉంది. ఇంటికి చేరాక ఆశ్రితతో ఏమీ అనలేదు. ఏమనాలో తెలియక ఊరుకోవడం ఆమె జీవితంలో అరుదు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె మౌనం చూసి విశ్వేశ్వర్ జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

శనివారం పొద్దున తొమ్మిది దాటాక గుండయ్య వచ్చాడు. కర్పూరం దళారి. కొత్త కంపెనీ సరుకు తెచ్చాడు, మొత్తం పండుగ సీజనుకు వాళ్లదే తీసుకోవాలని పట్టు. వాసవాంబ ఒక బిళ్ల తీసి ఇత్తడి పళ్లెంలో పెట్టి వెలిగించింది. మంచి కర్పూరం కాలి ఏమీ మిగలకుండా పోవాలి. ఇది కాలింది, పోయింది, కానీ పళ్లెంలో సన్నటి నల్లమరక మిగిలింది. అది కర్పూరానిదా, పళ్లెం సరిగా తోమకపోవడమా? ఇంకో బిళ్ల వెలిగించింది. ఈసారీ తేలలేదు. దుకాణంలో ఇంకో ఇద్దరు గిరాకీలు నిలబడి ఆమె వైపే చూస్తున్నారు.

"రాహుకాలం నడుస్తున్నది గుండయ్యా. ఇప్పుడు మాట ఇయ్య" అంది.

గుండయ్య కిక్కురుమనలేదు. అవునమ్మా, మరిచిపోయిన అంటూ దండం పెట్టి, సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. రాహుకాలంతో ఎవరు వాదిస్తారు? అంతలో పసుపు బస్తాల ట్రాలీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. నిజామాబాద్ సరుకు, రెండు రోజులుగా దాని కోసమే ఎదురుచూస్తోంది.

"దించుమను" అంది కొడుకుతో.

"రాహుకాలం అంటివి గదమ్మా?"

"పసుపు దించుటానికి రాహుకాలం ఏంది?" అనేసింది. అన్న తర్వాత ఆ మాట ఆమె చెవినే పడింది.

హమాలీలు బస్తాలు దించుతున్నారు. పసుపు ధూళి లేచి గుమ్మంలో ఎండంతా పసుప్పచ్చగా మారింది. వాసవాంబ గల్లా మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. నచ్చని సంబంధం తెచ్చినవాళ్లకు రాహుకాలం. ఎటూ తేల్చుకోలేని సరుకుకు రాహుకాలం. అవునో కాదో చెప్పడానికి జంకిన ప్రతిసారీ రాహుకాలం. నాకు తెలవడం లేదు అనడం కంటే అది మర్యాదగా ఉంటుంది, పైగా ఎవరూ తిరిగి అడగరు. తనకు కావలసిన పనికి మాత్రం ఏ రాహువూ ఎప్పుడూ అడ్డం రాలేదు. ఈ గల్లా పక్కనే చాప మీద కూర్చుని ఎక్కాలు రాసుకున్న పిల్ల ఇదంతా చూసింది. చూసి నేర్చుకుంది. నేర్పింది తను. వాసవాంబకు సిగ్గు వేసింది. ఎవరో చూశారని వేసే సిగ్గు కాదు, ఎవరూ చూడకుండా వేసే సిగ్గు. అది ఇంకా చెడ్డది.

కానీ సిగ్గుపడి మూల కూర్చునే మనిషి కాదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, స్కూటర్లను చేత్తో ఆపుతూ సందు దాటి, ఎదురుగా స్టీలు సామాన్ల దుకాణం రామ్‌చందర్ ముందు నిలబడింది. ఆమె ఆ గుమ్మం ఎక్కి ఎన్నాళ్లయిందో. రామ్‌చందర్ గాభరాగా లేచి స్టూలు జరిపాడు.

"ఆరేండ్ల కింద మా ఆశ్రిత దోస్తును నేను దొంగ అన్న. నువ్వు విన్నవా?"

"విన్ననమ్మా. బజారంత విన్నది."

"ఆ పిల్ల దొంగ కాదు. నేను తప్పు మాట అన్న."

రామ్‌చందర్ చేతిలోని గిన్నె తుడవడం ఆపాడు. ఇప్పుడు ఆ లొల్లి ఎందుకమ్మా, అందరూ మరిచిపోయారు అన్నాడు.

"ఆ పిల్ల మరిచిపోలే. అప్పుడు గట్టిగ అన్న గద, ఇప్పుడు గూడ గట్టిగనే అనాలె" అంది. అన్నట్టుగానే వెనక్కి వస్తూ గాజుల దుకాణం ముందు ఆగి ఒకసారి, పూలమ్మే ఆమె దగ్గర ఆగి ఒకసారి అదే మాట చెప్పింది. మరి తప్పు ఎవరిదని పూలామె అడిగితే, అది మా ఇంటి సంగతి, మేం చూసుకుంటం అంది.

బజారులో మాట నిలవ ఉండదు. సాయంత్రం ఆశ్రిత స్కూటీ దిగేలోపే ఎవరో చెప్పేశారు. ఆ రాత్రి ఆమె అన్నానికి కిందికి రాలేదు.

ఆదివారం సాయంత్రం వాసవాంబ మేడ ఎక్కింది. ఎక్కింది అని ఒక్క మాటలో అంటున్నాం గానీ మెట్టు మెట్టుకూ ఆగి, గోడ పట్టుకుని, మోకాళ్లను పేరు పెట్టి తిట్టి ఎక్కింది. పైన గదిలో ఊదుబత్తుల పెట్టెలు, దూది మూటలు. వాటి మధ్య ఒక అట్టపెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆశ్రిత కిటికీకి వీపు చేసి కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"స్వీటీ చెప్పిందా?"

"చెప్పింది."

"తిట్టు మరి."

"తిట్టుటానికి ఇన్ని మెట్లు ఎక్కుతనా? కిందికెల్లి తిడితే వినబడదా నీకు?" అంటూ వాసవాంబ దూది మూట మీద కూలబడింది. ఊపిరి సర్దుకున్నాక గుండయ్య సంగతి చెప్పింది. కర్పూరం సంగతి, పళ్లెం మరక సంగతి, పసుపు బస్తాల సంగతి. చెబుతుంటే నవ్వు రావలసిన కథే, ఇద్దరికీ రాలేదు.

"నాకు జంకు పుట్టినప్పుడల్ల రాహువు మీదికి నెట్టిన. నువ్వు గది చూసి పెరిగినవ్. ఆ పిల్లను దొంగను చేసింది నీ అబద్ధం ఒక్కటే కాదు, నా నోరు గూడ. నా వంతు నేను నిన్న బజార్ల దిద్దుకున్న. నీ వంతు నువ్వు చూసుకో."

 వాసవాంబ అప్పుడు జహనుమా కబురు చెప్పింది. స్వీటీ నీ పేరే పెడతానంది, ఎందుకు పెట్టిందో రెండు మాటలు రాయాలట, అవి నిన్నే అడగమంది, ఏం రాయమంటావ్ అంది. ఆశ్రిత అరచేతులతో మొహం కప్పుకుంది. వేళ్ల వెనుక నుంచి, "నా పేరు కింద రాయనీకి ఏం లేదు నానమ్మా" అంది.

ఆ మాటకు ఓదార్చబోయి వాసవాంబ ఆగింది. ల్యాప్‌టాప్ తెర మీద ఏదో కదులుతోంది. ఏమిటది అని అడిగింది. అవే, అలాంటి ఫొటోలే అని చెప్పింది ఆశ్రిత. ఇప్పుడు తన దగ్గర చదివే పిల్లలతో జట్టు కడుతుంది, వాళ్లకు నేర్పి వాళ్ల చేత పంపిస్తుంది. సెలవునాడు తనూ చూస్తుంది.

"నీకు గూడ కనబడ్డయా ఇట్ల?"

"మస్తు కనబడ్డయి."

"ఎన్ని పంపినవ్?"

ఆశ్రిత చూపు తెర మీది నుంచి దూది మూటల మీదికి జారింది. చెప్పనవసరం లేకపోయింది. ఆరేళ్లుగా పిల్ల సెలవురోజుల్లో మేడ మీద కూర్చుని ఏం చేస్తోందో వాసవాంబకు ఇప్పుడు తెలిసింది. చూస్తోంది, వదిలేస్తోంది. పోయిన చుక్క ఒక్కటి కాదు. 

"ఇయ్యాల కనబడ్డదా?"

ఆశ్రిత తెర ఆమె వైపు తిప్పి ఒక మూల వేలు పెట్టి చూపించింది. వాసవాంబ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది. నల్లటి గుడ్డ మీద ఉప్పురవ్వ ఒలికినట్టు తెల్లటి చుక్కలు. నాలుగు ఫొటోలూ ఒకదాని వెంట ఒకటి మారుతున్నాయి. ఆమె రెప్ప వేయకుండా చూసింది. ఏదీ జరగలేదు. అన్నీ జరిగినట్టూ ఉంది, ఏదీ జరగనట్టూ ఉంది. మనవరాలు ఊపిరి బిగబట్టి తన మొహంలోకే చూస్తోంది. ఔను బిడ్డా, కనబడింది అనడం ఎంత సులువు!

"నాకేం కనబడ్తలేదు" అంది వాసవాంబ.

ఆశ్రిత భుజాలు జారిపోయాయి. తెర మూయడానికి చెయ్యి చాచింది. వాసవాంబ ఆ చెయ్యి పట్టుకుంది.

"నాకు కనబడ్తలేదు అన్న. నీకు కనబడ్తున్నదా?"

ఆశ్రిత మళ్లీ చూసింది. ఫొటోలను ముందుకీ వెనక్కీ జరిపి, ఒక్కొక్కటీ పెద్దది చేసి, వెలుగు ఎంత ఉందో, ఎంత దూరం జరిగిందో, గీత తిన్నగా ఉందో లేదో చూసింది. కింద దుకాణం ముందు ఎవరో కొబ్బరికాయల కోసం బేరమాడుతున్నారు. బేరం తెగింది, వాళ్లు వెళ్లారు కూడా.

"కనబడ్తున్నది" అంది.

"మరి పంపు."

"తప్పయితే?"

"తప్పని చెప్తరు. ఇంకోటి చూస్తవ్. అండ్ల ఫికర్ ఏమున్నది?"

ఆశ్రిత చూపు అలవాటుగా గోడ గడియారం వైపు పోయింది. ఆదివారం సాయంత్రం ఆ వేళ ఏమిటో ఇద్దరికీ తెలుసు.  వాసవాంబ తను పట్టుకున్న చెయ్యి వదిలేసింది, దానికి పని ఉంది గనక. ఆశ్రిత టకటకా ఏవో అంకెలు కొట్టింది, ఒకసారి సరిచూసుకుంది, ఒక మీట నొక్కింది. అంతే. చప్పుడు కూడా కాలేదు. ఇంత చిన్న పనా అనుకుంది వాసవాంబ.

తర్వాత ఆశ్రిత ఫోన్ తీసింది. నానమ్మ వినాలనే కాబోలు, స్పీకర్ నొక్కి ఇద్దరి మధ్య పెట్టెమీద పెట్టింది. అవతల చాలాసేపు మోగింది.

"చెప్పవే" అంది స్వీటీ గొంతు. ఆరేళ్ల తర్వాత అదే మొదటి మాట.

"నేనొక చుక్క పంపిన. ఇప్పుడే."

"ఇప్పుడా? రాహుకాలం గదనే."

"తెలుసు." ఆశ్రిత ఆగలేదు. "స్వీటీ, ఆనాడు నాకు భయమైతే నువ్వు నమ్మినవ్. ఇంట్ల వేరే తీరుగ చెప్పి నిన్ను దొంగను చేసిన. రేపు డాడీతో చెప్త, కాలేజీల గూడ చెప్త. ఆ రాయికి నా పేరు పెట్టకు. అది నీది. మీ అమ్మ పేరు పెట్టు. ఆగమ్మ. ఒకటే మాట. కింద రాయనీకి నీకు రెండు ముక్కలు కాదు, రెండు వందలు దొరుకుతయి."

 అవతల కుక్కర్ ఒక ఈల వేసింది. ఎవరో కుర్చీ జరిపారు.

"ఇంకోటి చెప్త, విను. నీ పేరు నువ్వు పెట్టుకోరాదు గద. నేను పెడ్త. ఇయ్యాల పంపింది కాకపోతే ఇంకోటి, అది గాకపోతే ఇంకోటి. ఏండ్లు పట్టనీ. నాది అయిన మొదటిదానికి స్వీటీ అని పెడ్త."

వాసవాంబ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఎదురింటి డాబా మీద ఎవరో పిల్లలు గాలిపటం దారానికి మాంజా పూస్తున్నారు. ఆమె అది చూస్తున్నట్టు కూర్చుంది గానీ ఏమీ కనబడలేదు. ఫోన్లో ఆగమ్మ గొంతు దూరం నుంచి వినబడింది, పొయ్యి దగ్గర ఉన్నట్టుంది. ఎవరే ఫోన్ల, ఏడుస్తున్నవేంది అని అడుగుతోంది.

"నా దోస్తు అమ్మా" అంది స్వీటీ.